ఉద్యమ కవిత్వంలో ‘ప్రజలు’ ఎవరు?

తెలంగాణ ఉద్యమ కవిత్వంపై వచ్చిన విమర్శలో తరచుగా కనిపించే మాట ‘ప్రజలు’. ప్రజలు కదిలారు, ప్రజలు పాడారు. ఏ ప్రజలు? ఏ వయసువాళ్లు, ఏ పని చేసి బతికేవాళ్లు? ప్రత్యేక రాష్ట్రం న్యాయమైన కోరికే. కాని దాన్ని అందరూ ఒకే కారణంతో కోరలేదు.

1969లో ముందు నడిచింది విద్యార్థులు, ఎన్‌జీవోలు. ముల్కీ నిబంధనల ఉల్లంఘన మొదట తగిలింది చదువుకున్న యువకులకే. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి 10 స్థానాలు గెలిచిందంటే ఆ అసంతృప్తి కాలేజీ గోడలు దాటిందన్నమాట. 2001 తర్వాత పునాది ఇంకా విస్తరించింది. ధూంధాం వేదికలెక్కిన దళిత, బహుజన గాయకులు పల్లె నుడికారాన్ని తెచ్చారు. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ ఉద్యోగార్థి దరఖాస్తు కాదు, చేతివృత్తులు కూలిన ఊరి గోడు.

అయినా వెల్గటూరులో కూర్చుని చూస్తే ఒక వెలితి కనిపిస్తుంది. జగిత్యాల, కోరుట్ల పల్లెల మగవాళ్లు గల్ఫ్‌కు పోయారు. సిరిసిల్ల నేతకార్మికులు భీవండికి, షోలాపూర్‌కు పోయారు. 2011 జనగణనలో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో 1000 మంది పురుషులకు 1008 మంది స్త్రీలు. వలస ఒక్కటే కారణమనను గాని, దాని నీడ ఆ అంకెలో ఉంది. ఊళ్లో మిగిలింది చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముసలివాళ్లు. మన కవి చూసింది మాత్రం పిడికిలెత్తిన యువకుణ్ణి. స్త్రీ వస్తే బతుకమ్మతో వచ్చింది, లేదా కొడుకును పోగొట్టుకున్న తల్లిగా వచ్చింది. వెయ్యి బీడీలకు వచ్చే కూలి లెక్క చూసుకుని, రాష్ట్రమొస్తే ఈ లెక్క మారుతుందా అని అడిగే మనిషిగా ఎక్కడో గాని రాలేదు. గల్ఫ్ కార్మికుడి పేరు పాటల్లో మోగింది. ఓటు వేయాలంటే మాత్రం అతను విమానమెక్కి ఊరికి రావాలి.

2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో నేనూ ఉన్నాను. జీతం ఆగింది, నిజమే. ఆగడానికి మాకొక జీతం ఉంది. ఆ రోజు చుట్టకపోతే ఆ రోజు కూలే లేని మనిషిని మా ‘సకల జనులు’లో ఎలా కలుపుకున్నామో అప్పుడు ఆలోచించలేదు.

1978 జగిత్యాల జైత్రయాత్ర నాటి రైతాంగ పోరాటాల్లోంచి వచ్చిన అల్లం రాజయ్య రచనల్లో ఊరు ఒక్కటి కాదు. దొర వేరు, జీతగాడు వేరు. ప్రాంతం పేరుతో రాసిన కవిత్వంలో ఈ గీత చాలాచోట్ల చెరిగిపోయింది. శత్రువు బయటివాడు కాగానే దొర కూడా మనవాడయ్యాడు. ఈ కవిత్వంపై పరిశోధన చేసే విద్యార్థులు కవుల జాబితాలు బాగానే ఇస్తున్నారు. పద్యంలో మాట్లాడే మనిషి వయసు, కులం, వృత్తి కూడా పక్కన రాసి చూడమని నా కోరిక. ఖాళీ గడులెన్నో అప్పుడు తెలుస్తుంది.