యానాదులపై గ్రంథాలు: చెప్పినవారి పేరు

నెల్లూరు తీరపు యానాదులను గురించిన గ్రంథాలలో వారి మాట ఎవరి పేరున నిలిచిందన్నది పరిశీలించదగిన ప్రశ్న. థర్‌స్టన్ ఏడు సంపుటాల (1909) శీర్షిక పుటలో సహాయకుడు కె. రంగాచారి పేరుంది, సమాచారమిచ్చిన తెగలవారి పేరొక్కటీ లేదు. నేరస్థ తెగల చట్టాన్ని ఎదిరించిన వెన్నెలకంటి రాఘవయ్య ‘ది యానాదీస్’ (1962) వారి పక్షాన నిలిచినా, గ్రంథకర్త ఆయనొక్కడే. అమెరికా ఆదివాసుల విషయంలో మాత్రం, 1905 నాటి ‘క్వాకియుట్ల్ టెక్స్ట్స్’పై బోవాస్ పేరు పక్కనే ట్లింగిట్ తల్లికి పుట్టిన జార్జ్ హంట్ పేరు కనిపిస్తుంది. కనుక కృష్ణపట్నం ఉప్పుటేళ్లలో చేపలు, పీతలు పట్టే యానాదుల జ్ఞానాన్ని సేకరించే పరిశోధకుడు, వారి సమ్మతితో చెప్పినవారి పేరునూ నమోదు చేయాలి. లేనిచో ఆ జ్ఞానం సేకర్త సొత్తుగానే మిగులుతుంది.