గ్లాడియేటరుల వస్తువులు – ఊరు లేని పేర్లు

ప్రాచీన రోమునందు ప్రజల వినోదార్థము ప్రాణములొడ్డి పోరాడిన యోధులను గ్లాడియేటరులందురు. వారి శిరస్త్రాణములు, వారి బొమ్మలు గల ప్రమిదలు నేటికిని సేకర్తల మనస్సులను హరించుచున్నవి. అయితే వస్తువునకు విలువ పేరువలన వచ్చునా, దొరకిన చోటువలన వచ్చునా? చోటువలననే యని మా యభిప్రాయము.

పాంపే నగరము క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయెను. 18వ శతాబ్దమున అచ్చటి గ్లాడియేటరుల నివాసమును త్రవ్వగా కవచములు, శిరస్త్రాణములు ఒక్కచోటనే లభించినవి. అవి యెవరివో ఆ చోటే చెప్పినది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణమును కలదు. బానిస పేరు, యజమాని పేరు, తేదీ, ‘పరీక్షించెను’ అను మాట చెక్కిన చిన్న యెముక కడ్డీలు కొన్ని ఐరోపా సంగ్రహములలో చేరినవి. అవి గ్లాడియేటరుల గుర్తులని పండితులు చాలకాలము నమ్మిరి. నాణెముల మంచిచెడ్డలు చూచి సంచులకు కట్టిన చీటీలవి యని 1919లో రుడాల్ఫ్ హెర్ట్‌సోగ్ అను జర్మను పండితుడు నిరూపించెను. వీరుడనుకొన్నవాడు షరాబు అయ్యెను!

మన నాగార్జునకొండ విషయమునను ఇట్టి తొందరపాటునకు అవకాశము కలదు. ఇక్ష్వాకుల నాటి మెట్ల వరుసల క్రీడారంగము అచ్చట బయల్పడినది. రోమను బంగారు నాణెములును దొరకినవి. అంతమాత్రమున దానిని గ్లాడియేటరుల రంగమనుట తగదు. రోమనులది అండాకారము, ఇది దీర్ఘచతురస్రము. నాణెము వర్తకమునకు సాక్షి గాని వధాక్రీడకు గాదు. 1954-60 నడుమ త్రవ్వినవారు ప్రతి చోటును గుర్తించి వ్రాసియుంచిరి గనుకనే, లోయ జలాశయమున మునిగినను ఈ విచారణ సాధ్యమగుచున్నది.

1936లో ఒరిస్సాలో చేరుటకు పూర్వము మద్రాసు రాజధానిలో నుండిన కోరాపుట్, రాయగడ సీమవారమగు మనకు ఇందు పాఠమున్నది. పాత యిండ్ల ఖడ్గములకు, కొండగూడెముల గొడ్డళ్లకు, సంతలలోని కోడికత్తులకు ‘జయపుర రాజుల ఆయుధము’ అని గొప్ప పేరు తగిలించినంత మాత్రమున చరిత్ర కానేరదు. ఏ గ్రామమునుండి వచ్చినది, ఎవరి చేతిది, ఏ పండుగకు వెలికి దీయుదురు, దానిని కువిలో, ఒడియాలో, తెలుగులో ఏమందురు అను సంగతులు వస్తువుతోడనే వ్రాసియుంచవలెను. కోరాపుట్‌లోని గిరిజన వస్తు ప్రదర్శనశాలకు ఇచ్చువారును ఆ చీటీని జతచేసి యిచ్చుట మేలు.

చెప్పగల వృద్ధులు గతించిన పిమ్మట ఆయుధము మిగులును. దాని ఊరు మాత్రము పోవును. ఊరు పోయిన వస్తువునకు మనము పెట్టు పేరు ఎంత గొప్పదైనను ఊహయే సుమా!