కేసు మారిన గడియారము

బంగారము ధర పెరిగినప్పుడెల్ల పాత జేబుగడియారములకు ఆపద తప్పలేదు. 1980లో ధర విపరీతముగా పెరిగినప్పుడు అమెరికాలో ఎన్నో బంగారు కేసులు మూసలలో కరగిపోయినవి. లోపలి యంత్రములు కేసులు లేక మిగిలినవి. దుమ్ముకు, తేమకు పాడగుచున్న అట్టి యంత్రమునకు మరియొక కేసు అమర్చుట మంచి పనియే. కాని ఆ పని బాగోగులను దేనినిబట్టి నిర్ణయింపవలెను?

పైమెరుగును బట్టి మాత్రము కాదు. ఎల్జిన్, వాల్తం సంస్థలు యంత్రములను ప్రామాణికమైన సైజులలో తయారుచేసినవి. కేసును చాలసార్లు కొనువారే దుకాణములో ఎన్నుకొనెడివారు. 16 సైజు యంత్రపు పలక వ్యాసము 1.7 అంగుళములు, అనగా 43.18 మిల్లీమీటర్లు. కనుక అదే కాలపు, అదే సైజు కేసు తొడుగుట చరిత్రకు విరుద్ధము కాదు. అయితే కీ త్రిప్పు కాడ కూడ సరిగా కుదరవలెను. కుదరనిచో వేరొక కేసు వెదకవలెనే గాని, అరుదైన యంత్రమును ఆకురాతితో అరుగదీయరాదు. పోయిన లోహము తిరిగి రాదు.

రెండవ పరీక్ష నిజాయితీ. కేసు అంచున పాత మరలు నొక్కిన గుర్తులు తరచుగా ఉండును. ఇప్పటి మరలు వేరొక చోట పడినచో ఆ జత మొదటిది కాదని తెలియును. అమ్మకము కొరకు ఆ గుర్తులను నునుపుచేయుట సాక్ష్యమును చెరుపుటయే. యంత్రముపై చెక్కిన సంఖ్యను, కేసు మార్చిన సంవత్సరమును చీటీపై వ్రాసి గడియారముతో ఉంచిన పనివాడే మెచ్చదగినవాడు.