రైఫిల్ దించడమూ సాధనే

ఆదోని, ఎమ్మిగనూరు వైపు కుర్రాళ్లు, అమ్మాయిలు రైఫిల్ చేతబట్టేది ఎక్కువగా ఎన్‌సీసీలోనే. బోర్లా పడుకుని, 25 మీటర్ల దూరంలోని టార్గెట్ మీద పాయింట్ టూటూ రైఫిల్‌తో అయిదు రౌండ్లు. వాటిలో ఒకటి నడిమధ్యన తగిలిందా అని చూడరు. అయిదూ ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయో కొలుస్తారు. గ్రూపింగ్ అనే ఈ పద్ధతి మీద నాకు ఎంతో గౌరవం. అన్నీ ఒకేచోట, కాస్త పక్కకు పడితే సైట్ సరిచేస్తే చాలు. చెదిరితే సరిచేసుకోవాల్సింది మనిషే.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. 75 నిమిషాల్లో 60 షాట్లు. ప్రతిదానికీ పని పాదాల దగ్గర మొదలవుతుంది. రైఫిల్ ఎత్తి, కళ్లు మూసుకుని, ఊపిరి తీసి వదులుతారు. కళ్లు తెరిచేసరికి గొట్టం పక్కకు చూస్తుంటే చేత్తో లాగకూడదు, పాదం జరుపుకోవాలి. బలవంతంగా తిప్పిన గొట్టం ట్రిగర్ నొక్కే క్షణంలో మళ్లీ తన చోటికే పోతుంది. ఆ తర్వాత ఊపిరి కొంత వదిలి ఆపితే ముందు సైట్ వలయంలో నల్లచుక్క కుదురుకుంటుంది. పూర్తిగా మాత్రం నిలవదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా అదురుతుంది. ఆ అదురును ఒప్పుకోవాలి. చుక్క సరిగ్గా మధ్యకు వచ్చిందని, ఇదే అదననుకుని నొక్కితే వేలు గుంజుతుంది, షాట్ చెడుతుంది. ట్రిగర్ మొదటి ఒత్తిడిని ముందే తీసుకుని, మిగతాది మెల్లగా పెంచుకుంటూ పోవాలి. పేలాక కూడా క్షణంపాటు కదలకుండా ఉండి, స్క్రీన్ చూడకముందే ఎక్కడ పడిందో తనకు తాను చెప్పుకోవాలి.

ఊపిరి ఆపి ఏడెనిమిది సెకన్లు దాటితే చూపు మసకబారుతుంది. అప్పుడిక రైఫిల్ దించెయ్యాలి. కొత్తవాళ్లకు కొరుకుడుపడనిది ఇదే. ఎత్తాం కదా, కాల్చేద్దాం అనిపిస్తుంది. నా దృష్టిలో ఆ కోరికను కాదనగలిగినవాడే షూటర్.

హైదరాబాద్‌లో పెరిగిన షూటర్ గగన్ నారంగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్‌లో 595 పాయింట్లు సాధించి కూడా, సమాన స్కోర్ల లెక్కలో వెనకబడి ఫైనల్‌కు దూరమయ్యాడు. 2012 లండన్‌లో 701.1తో కాంస్యం గెలిచాడు. రజతానికి తేడా 0.4. తొందరపడి వదిలిన ఒక్క షాట్ చాలు, అంతకన్నా ఎక్కువ పోవడానికి.

హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ బధిరుల ఒలింపిక్స్ అయిన డెఫ్లింపిక్స్‌లో రెండుసార్లు, 2022లో బ్రెజిల్‌లో, 2025లో టోక్యోలో ఎయిర్ రైఫిల్ బంగారం గెలిచాడు. అక్కడ వినికిడి యంత్రాలు తీసేసే ఆడాలి. అయితే పోయిన షాట్ ఏమైంది, పక్కవాడి స్కోరెంత అని లోపల మోగే మాటలను ఏ నిశ్శబ్దమూ ఆపదు. వాటిని ఆపేది పైన చెప్పిన వరసే. పాదం, ఊపిరి, వేలు అనుకుంటూ పోయే మనసుకు మరో ఆలోచనకు తీరికుండదు.

ఈ వరసను సాధన చెయ్యడానికి తూటాలు కూడా అక్కర్లేదు. శిక్షకుడి ఎదుట, ఖాళీ అని తేల్చుకున్న రైఫిల్ గొట్టం మీద రూపాయి బిళ్ల నిలబెట్టి ట్రిగర్ నొక్కాలి, బిళ్ల పడకూడదు. మన ఎన్‌సీసీ శిబిరాల్లో ఆ అయిదు రౌండ్లకు ముందు ఒక పూటంతా దీనికే కేటాయించాలి.