పిల్ల బతుకమ్మ: పేర్పులోని పనితనం

భాద్రపదం వెనకసగంలో తెలంగాణ పల్లెల్లో పిల్లల చేతులకు పని తగులుతుంది. వానలు తెరిపిస్తాయి. చెలకల గట్ల మీద గునుగు కంకులు వేస్తుంది, గుట్టల వాలున తంగేడు పచ్చగా విచ్చుకుంటుంది. మహాలయ అమావాస్యకు ముందు రోజుల్లో ఆడపిల్లలు మట్టితో బొడ్డెమ్మను చేస్తారు. అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా ఇంటింటా పూలతో పేరుస్తారు. పెద్ద బతుకమ్మ పక్కన పిల్లలు పేర్చుకున్న చిన్నది ఒకటి ఉంటుంది.

ఇప్పటి బాలబడుల్లో ప్రాసెస్ ఆర్ట్ అనే మాట వినిపిస్తోంది. పిల్లల ముందు నమూనా పెట్టకుండా సామగ్రి మాత్రమే పెట్టి, తయారైన బొమ్మకన్నా తయారు చేస్తున్న పనికే విలువ ఇవ్వడం దాని పద్ధతి. ఆ పద్ధతికి మన శరత్కాలంలో పిల్లల బతుకమ్మకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. బతుకమ్మ మీద రాసేవాళ్లు పాటల గురించి, కథల గురించి విస్తారంగా రాస్తారు. పేర్పు దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో దాటేస్తారు. అసలు విద్య అక్కడే ఉంది.

ముందు బొడ్డెమ్మ సంగతి. దీనికి పుట్టమన్ను తెస్తారు. చెదలు సన్నని రేణువులను ఏరుకుని నోటి తడితో అతికి కట్టిన మన్ను కాబట్టి అందులో గులకరాళ్లు తక్కువ, పట్టు ఎక్కువ. దాన్ని నానబెట్టి, పిసికి, చెక్కపీట మీద దొంతరలుగా ఎత్తుతారు. అడుగున వెడల్పు దొంతర, దాని మీద చిన్నది, ఆపైన ఇంకా చిన్నది. తడి ఎక్కువైతే కింది దొంతర పైదాని బరువుకు ఉబ్బి పక్కలకు జారుతుంది. తక్కువైతే అంచులు పగులుతాయి. ఎంత తడి కావాలో పిల్ల అరచేతికి తెలియాల్సిందే, నోటితో చెప్పినా అందేది కాదు. ఒక దొంతర కాస్త బిగుసుకున్నాకే రెండోది పెట్టాలి కనుక, ఆగడం కూడా ఈ పనిలో భాగమే.

తర్వాత అలుకుడు. పేడ, ఎర్రమన్ను కలిపిన నీళ్లతో అలికితే సన్న పగుళ్లు పూడిపోతాయి, పేడలోని పీచు కొత్త పగుళ్లను రానివ్వదు. దాని మీద ముగ్గు గీతలు. మన్ను పచ్చిగా ఉండగానే పూల కాడలు గుచ్చితే, ఆరేకొద్దీ మన్ను కుంచించుకుని కాడను పట్టేస్తుంది. పిల్లల చేతి పనిలో జిగురు అక్కర్లేని అతుకు ఇది.

బతుకమ్మలో ఆ మన్ను కూడా ఉండదు. పూలు, కాడలు, ఆకులు, అంతే. అందుకే దాని పని ఇంకా సూక్ష్మం.

గునుగుతో మొదలుపెడదాం. జొన్న చేలల్లో, పల్లి చేలల్లో రైతు కలుపని పీకేసే మొక్క ఇది. కంకిలోని ఒక్కో చిన్న పువ్వుకు అయిదు రేకులుంటాయి, అవి విచ్చుకున్నప్పటి నుంచే కాగితంలా పొడిగా ఉంటాయి. కోసినా వాడి వేలాడవు. ఈ గుణం వల్లే పేర్పుకు గునుగు ప్రాణం. తెల్లని రేకుల మీద ఏ రంగైనా పడుతుంది, పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం కూడా అదే. గిన్నెల్లో రంగునీళ్లు కలిపి, గుప్పెడు కంకులను తలకిందులుగా ముంచి, తీసి, విదిలిస్తారు. రేకుల మధ్య సందుల్లోకి నీరు దానంతటదే పాకుతుంది, కంకి లోపలి దాకా రంగు చేరుతుంది. విదల్చకపోతే చివరన చుక్క నిలిచి అక్కడ రంగు ముదురుతుంది. ఎక్కువసేపు ముంచితే ఒక ఛాయ, అంచు మాత్రమే తాకించి తీస్తే ఇంకొకటి. మొదలు తెల్లగా, కొస గులాబీగా ఉన్న కంకి కావాలని చేసిందో, తొందరలో అయిందో ఎవరూ అడగరు. నీడన ఆరబెడితే చాలు.

రంగు గురించి ఒక మాట. అంగట్లో అమ్మే రంగుపొడి ముదురుగా పడుతుంది, నిజమే. కానీ బతుకమ్మ చివరికి చేరేది చెరువులోకి. పూలు, ఆకులు నీళ్లలో కుళ్లి కలిసిపోతాయి, ఆ పొడి సంగతే అనుమానం. పిల్లల చేతికి పసుపు నీళ్లు ఇవ్వడం మేలు. అందులో చిటికెడు సున్నం పడగానే పచ్చనిది ఎర్రగా మారడం వాళ్ల కళ్ల ముందే జరుగుతుంది. సున్నం కలిపే పని మాత్రం పెద్దవాళ్లది.

తంగేడు వేరే రకం. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఈ పువ్వు కాడ పొట్టి, రేక మెత్తన, కోసిన పూటే వాడాలి. బంతి, చేమంతి, కట్లపూలు, గుమ్మడి పువ్వు ఎవరికి దొరికింది వాళ్లకు.

ఇక పేర్పు. పెద్దవాళ్లు తాంబాళంలోనో వెదురు సిబ్బిలోనో పేరిస్తే, పిల్లలకు అన్నం పళ్లెం చాలు. అడుగున గుమ్మడి ఆకులు పరుస్తారు. తంగేడును మొదటి వరుసగా పళ్లెం అంచు చుట్టూ పెడతారు. గునుగు కంకులను చిన్న చిన్న కట్టలుగా దారంతో కట్టి, కాడలను ఒకే పొడవుకు కోసి, తలలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా గుండ్రంగా అమరుస్తారు. పైనుంచి చూస్తే కాడలన్నీ సైకిలు చక్రంలో పుల్లల్లా నడిమికి చేరతాయి. ఆ నడిమి గుంతలో తరిగిన ఆకులు, కోసి పారేసిన కాడల ముక్కలు నింపి అరచేత్తో అదుముతారు. మూడేళ్ల పిల్ల కూడా చేయగల పని ఇది: ఆకులు చించి నడుమ వేయడం. చూడ్డానికి చిల్లర పని, నిజానికి బతుకమ్మ మొత్తం దాని మీదే నిలబడుతుంది.

ఎందుకంటే, నడుమ తక్కువ నింపితే కాడలు లోపలికి వాలి పూల తలలు ఆకాశం చూస్తాయి, వాటి మీద పై వరుస కూర్చోదు. ఎక్కువ నింపితే కాడల కొసలు పైకి లేచి, పూలు బయటికి వంగి, వరుస జారుతుంది. సరిగ్గా నింపితే పై వరుస బరువు కింది వరుస కాడలను నొక్కి పడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ కింది పట్టు ఇంకా బిగుస్తుంది. ప్రతి వరుసను కింది దానికన్నా కాస్త లోపలికి జరపడం అందం కోసం మాత్రమే కాదు, బరువంతా అడుగున, నడిమిట్ల ఉంచడానికి. ఏ వరుసనూ దాని కిందిదానికి కట్టరు. బరువు, రాపిడి, గుండ్రదనం, ఈ మూడే దాన్ని నిలబెడతాయి.

పేరుస్తున్న పిల్లకు ఈ లెక్కలేవీ తెలియవు. బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. పక్కనున్న అమ్మమ్మ, “అటు దిక్కు ఆకు తక్కువైంది బిడ్డా, జర నింపు” అంటుంది. పిల్ల పళ్లెం తిప్పి చూస్తుంది, పిడికెడు తుక్కు వేసి అదుముతుంది, మళ్లీ తిప్పి చూస్తుంది. అన్ని వైపులా చూసుకుంటేగాని వరుస కుదరదు. చివరన గుమ్మడి పువ్వు, అందులో పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ.

పిల్లల పేర్పులో పెద్దవాళ్లకు నచ్చనివి రెండు మూడు తప్పకుండా ఉంటాయి. ఎర్ర గునుగు పక్కన మళ్లీ ఎర్ర గునుగే, బంతి పువ్వు బోర్లా. సాయంత్రం వాకిట్లో పెట్టే ముందు చాలామంది తల్లులు వాటిని చకచకా సర్దేస్తారు. నాకు అది నచ్చదు. చీకటి పడేసరికి పెద్దదీ చిన్నదీ రెండూ నీళ్లలోకే వెళ్తాయి కదా, ఎవరి మెప్పు కోసం ఆ సర్దుబాటు?

ఈ ఏడు పూలు తెచ్చినప్పుడు పిల్లలకు ఒక పళ్లెం, ఒక మోపు గునుగు, కాస్త దారం విడిగా ఇవ్వండి. కాడలు కోసే కత్తిని మీ దగ్గరే ఉంచుకోండి. ఒరిగిపోతుంటే ఎటు నింపాలో చెప్పండి, నింపడం వాళ్లకు వదిలేయండి.