ఏడు చేపల కథ: అన్నము పెట్టని అవ్వ యెవరు?

ఏడు చేపల కథ వినని తెలుగువారుండరు. అందుచేతనే కాబోలు, దానిని నిలిచి చదివినవారు తక్కువ. రాజుగారి యేడుగురు కొడుకులు వేటకు పోయి యేడు చేపలు తెచ్చి యెండబెట్టిరి. అందొకటి యెండలేదు. కారణ మడుగగా చేప గడ్డిమేటును, మేటు ఆవును, ఆవు కాపరిని, కాపరి తన కన్నము పెట్టని అవ్వను, అవ్వ యేడ్చు బిడ్డను, బిడ్డ చీమను చూపిరి. చీమ యొక్కటే మరెవ్వరిని చూపదు. తన యింట చొరబడిన వ్రేలిని కుట్టుట తన న్యాయమని నిలిచినది. ఈ యేడు ముళ్ళ గొలుసున అయిదవ ముడి అవ్వ. మేము విచారింపదలచిన దామెను గూర్చియే.

ఈ కథను పండితులు రెండు విధముల చూచిరి. జానపద విజ్ఞానులు దీనిని శృంఖలా కథగా గుర్తించి వర్గీకరించిరి. ఆర్నే 1910లో ఆరంభింపగా స్టిత్ థాంప్సన్ 1928లోను, 1961లోను పెంచిన కథాప్రరూప సూచికయందు ఇట్టివాని స్థానము 2000 మొదలుగాగల సంఖ్యలలో నున్నది. వర్గీకరణ మవసరమే; కాని పెట్టెపై చీటి యంటించుట పెట్టెను తెరచుట కాదు. రెండవవారు వేదాంతులు. వారికి రాజు దేహి, కొడుకులు సప్తధాతువులు, గడ్డిమేటు అజ్ఞానము, కాపరి గురువు. ఈ వ్యాఖ్యానము నింపుగా చెప్పువారిని మేమును విని యానందించితిమి. అయినను ఆకలిగొన్న పసులకాపరిని గురువును జేసిన తరువాత అతని యాకలి యేమైనదని యడుగక తప్పదు.

మా సందేహమునకు మూలము ఒక తరగతి గది. కథను పాఠముగా చెప్పుచు, ఒక సంకలనమున నున్న యర్థవివరణము ననుసరించి, అవ్వ యనగా ముసలమ్మ యని మేము చెప్పితిమి. జగిత్యాల ప్రాంతపు విద్యార్థిని యొకతె లేచి, “మా యింట అవ్వ యన్న తల్లియే గదండీ” యనెను. కృష్ణాతీరము నుండి వచ్చిన విద్యార్థులు నవ్విరి. వారి నవ్వు తప్పు కాదు. వారి యిండ్ల అవ్వ తల్లికి తల్లి, లేదా తండ్రికి తల్లి. కాని 2016లో విభజింపబడకముందరి కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో అవ్వ, బాపు అను జంట తల్లిదండ్రులకు వాడుక. నాయనమ్మ అచట బాపమ్మ. కులమును బట్టి, యింటిని బట్టి యీ వాడుక మారును. నేటి పిల్లలు ‘అమ్మ’ యనుటయు, ‘మమ్మీ’ యనుటయు పెరిగినది. అయినను పెద్దల నోట ఆ మాట చెక్కుచెదరలేదు. కన్నడమున అవ్వ తల్లియే. తమిళమున అవ్వై తల్లియు, వృద్ధ స్త్రీయు. కాబట్టి ఉత్తర తెలంగాణపు అర్థమును ప్రాంతీయ వికారమని త్రోసివేయుటకు వీలులేదు.

అర్థము మారినంతనే కథ మారినది. ముసలమ్మ యైనచో బిడ్డ తల్లి యెచటనో యున్నది. అన్నము పెట్టుట కొంత ఆలస్యమైన దంతియే. తల్లి యైనచో పొయ్యి యామెదే, చంకలోని బిడ్డయు నామెదే. ఆ ప్రాంతమున ప్రొద్దుటి వంట చాలకాలము గట్క. మక్కలనో జొన్నలనో బరకగా విసరి, యెసరు మరిగిన పిదప పోసి తెడ్డుతో కలుపుచుండవలెను. చేయి నిలిచెనా, ఉండలు కట్టును, అడుగంటును. బియ్యపు పిండిని గిన్నె లోపల తట్టి, నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగను వదలెడి సర్వపిండి యైనచో చేతులకు కొంత విరామముండును. గట్కకు అది లేదు. గట్క కలుపుచున్న చేతికిని చీమ కుట్టిన బిడ్డకును నడుమ నిలిచిన మనిషి అవ్వ. (ఈ సంగతి వ్రాయుచున్న మేము పురుషులము, గట్క తెడ్డు పట్టి యెరుగము. పట్టినవారు సవరింతురు గాక.)

గొలుసులోని యితరుల సమాధానములతో ఆమె సమాధానమును పోల్చి చూడవలెను. మేటు అడ్డముండుటకు ఆవు మేయమి, ఆవు మేయమికి కాపరి మేపమి, కాపరి మేపమికి ఆకలి కారణములు. వీరందరు లేమిచే నాగిరి. అవ్వ లేమిచే నాగలేదు. ఆమెకు రెండు పను లొక్కమారే వచ్చినవి. రెండాకలుల నడుమ ఆమె యొకదాని నెన్నుకొనినది. ఈ గొలుసున ఎన్నిక యనునది చేసినది ఆమె యొక్కతెయే.

ఇచట మా పఠనమునకే యెదురు తిరుగు విషయ మొకటి కలదు. కాపరి వయస్సు కథ చెప్పదు. కాని ఆ పల్లెలలో పసులకు జీతమున్నవారు తరచుగా బాలురే. వారికి ప్రొద్దుటి గట్కయో, సద్దియో జీతమున్న యింటనే పెట్టుదురు. వెట్టి కార్మిక నిర్మూలన చట్టము 1976లో వచ్చుటకు ముందు ఇట్టి బాలురలో తండ్రి యప్పునకు జీతమున్నవారును కలరు. అట్లు తలచినచో గడప లోపల ఒక బిడ్డ యేడ్చుచున్నాడు, గడప వెలుపల మరియొక బిడ్డ యేడువక నిలిచియున్నాడు. ఏడ్చినవాని కొడి దొరకినది. నిలిచినవానికి గట్క దొరకలేదు. అవ్వపై జాలితో మొదలిడిన మేము ఆమెను నిర్దోషినిగా నిలుపలేకున్నాము. కథయు ఆమెను విడిచిపెట్టలేదు, శిక్షింపను లేదు.

కావ్యములందు పొయ్యికి చోటు లేదనరాదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని భార్య ముసురు దినములందు కన్నులకు పొగ సోకకుండ కొబ్బరిచిప్పలతో మంట పెట్టి వండునని చెప్పిన రాయల చూపు అసామాన్యము; వంటకమును గాక వండునామె కన్నులను చూచిన కవులు మనకు తక్కువ. మనుచరిత్రమున ప్రవరుని యిల్లాలు వేయిమంది వచ్చినను వండ నలయదు. ఈ రెండు పద్యములును అతిథి కూర్చున్న పీటపై నుండి చూచినవే. ఆ వంటలు సకాలమున నగును. ఆ పద్యములలో పొయ్యి దగ్గర బిడ్డ యేడ్వదు. ఏడ్చినచో వర్ణన తెగును. ఏడు చేపల కథ వర్ణన తెగిన చోటనే నిలిచినది. వంట కాకుండుటయే దాని వస్తువు.

ఇంగ్లీషువారి ముసలమ్మ, పందిపిల్ల కథయు శృంఖలా కథయే. అందు చివరి ముడి విడివడగానే గొలుసంతయు వెనుకకు కదలి, పందిపిల్ల కంచె దాటి, ముసలమ్మ రాత్రికి ఇల్లు చేరును. మేము విన్న ఏడు చేపల పాఠములలో ఆ మరలుట లేదు. చీమ మాటతో కథ యాగును. చేప పచ్చిగనే యుండును. అంతకంటె ముఖ్యము: ప్రశ్న అడుగుచు పొయ్యిదాక వచ్చినవారు రాజకుమారులు, ఏడుగురు. కారణము తెలిసికొనిరేగాని వారిలో ఒక్కడును బిడ్డ నెత్తుకొనలేదు, తెడ్డు పట్టలేదు.

ఇది పామర కథపై మోయలేని బరువు మోపుటయని కొందరనవచ్చును. కథ యెచట పుట్టెనో, మొదట చెప్పినవారి నోట అవ్వ యేయర్థమున నుండెనో నిర్ణయించుట మా యుద్దేశము కాదు. ‘అమ్మ’ యను పాఠమును వాడుకలో నున్నది. మా మాట యిచట చెప్పబడు కథకు మాత్రమే. ఈ కథ పిల్లలకు ముద్దలు పెట్టుచు చెప్పునది. చీమ కుట్టు ఘట్టమున చెప్పునామె బిడ్డను చిన్నగ గిల్లుట, బిడ్డ నోరు తెరచి నవ్వుట, ముద్ద లోనికి పోవుట మన మందర మెరిగినదే. కథలోని అవ్వ పెట్టలేకపోయిన యన్నమును, చెప్పుచున్న యవ్వ ఆ కథతోనే పెట్టుచున్నది.

ఈనాడు ఆ పల్లెలలో తండ్రి గల్ఫు దేశమున, తల్లి ఒడిలో బీడీల చాట, పొయ్యి దగ్గర బాపమ్మ యుండు ఇండ్లు అనేకములు. అట్టి యింట కథ చెప్పునప్పుడు అవ్వ యను మాట యెవరిపై వ్రాలునో ఊహకు వదలరాదు. పాఠాంతరములను సేకరించు పరిశోధక విద్యార్థులు ‘అవ్వ’ యని వ్రాసికొని యూరకొనక, చెప్పినవారిని మరియొక్క మాట యడిగి వ్రాసికొనవలెను: ఏడ్చిన బిడ్డకు ఆమె యేమగును, వాకిట నిలిచినవానికి యేమగును.