ముడి విప్పని టై

నందికొట్కూరు నుంచి ఆత్మకూరు వెళ్లే దారిలో ఉంటుంది జూపాడు బంగ్లా. పొద్దున్నే స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లల మెడల్లో టైలు కనిపిస్తాయి. అవి కుట్టేసిన ముడితో, వెనక ఎలాస్టిక్‌తో వచ్చేవి. సబ్బుతో ఉతికి నీడన ఆరేస్తే చాలు. రోజూ ఎండలో వేస్తే ముందు సాగిపోయేది ఆ ఎలాస్టిక్కే.

అసలు పట్టు టై ఈ ఊళ్ల మగవాళ్ల దగ్గరికి ఎక్కువగా పెళ్లి రిసెప్షన్‌తోనే వస్తుంది. సూటుకు జతగా ఒకటి కొంటారు. ముడి వేయడం వచ్చిన స్నేహితుడో బావమరిదో వచ్చి వేసిపెడతాడు. రాత్రి ఇంటికొచ్చాక దాన్ని విప్పడానికి చేతులు రావు. విప్పితే మళ్లీ వేసేదెవరు? కాస్త వదులు చేసి, తల మీదుగా తీసి, అలాగే బీరువాలో తగిలించేస్తారు. ఏళ్ల తర్వాత తమ్ముడి పెళ్లికని బయటికి తీస్తే ముడి పడ్డచోట పట్టు నలిగి, మెరుపు పోయి ఉంటుంది.

అదే బీరువా పై అరలో ధర్మవరం చీర ఉంటుంది. దాన్ని పాత నూలు పంచెలో చుట్టి పెడతారు. అప్పుడప్పుడూ తీసి, నీడపట్టున గాలికి ఆరేసి, పాత మడత మీదే మళ్లీ మడత పడకుండా తిప్పి మడుస్తారు. ఏళ్ల తరబడి ఒకేచోట మడత ఉంటే పట్టు అక్కడే చీలుతుందని ఇంట్లో ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. టై కూడా ఆ పట్టే. ఇంట్లో ఇంత తెలివి ఉండగా, అది ఆ చిన్న గుడ్డ దాకా ఎందుకు రాలేదన్నదే బాధ.

టైని ఒకసారి వెనక్కి తిప్పి చూడాలి. నడిమధ్యన పొడవునా ఒకే కుట్టు కనిపిస్తుంది. మంచి టైలో దాని చివర దారం చిన్న ఉచ్చులా మిగిలి ఉంటుంది. పోగు ఊడిందనుకుని దాన్ని కత్తిరించేవాళ్లు ఉన్నారు. కత్తిరించకూడదు! టై గుడ్డను నేతకు ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో కోస్తారు. న్యూయార్క్‌కు చెందిన జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ 1920లలో ఇలా ఏటవాలుగా కోసి, మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతి తెచ్చాడు. అందుకే టై మెడ చుట్టూ సాగి, మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అలా సాగినప్పుడు కుట్టు తెగకుండా కాపాడేది ఆ మిగులు దారమే.

కాబట్టి సన్నకొస పట్టుకుని లాగేయకుండా, ముడి ఏ వరసలో వేశారో ఆ వరసను వెనక్కి నడిపి విప్పాలి. తర్వాత రెండుగా మడిచి, చాప చుట్టినట్టు వదులుగా చుట్టి ఒక రాత్రి వదిలేస్తే ముడతలు చాలావరకు దిగిపోతాయి. ఇంకా మిగిలితే వేణ్ణీళ్ల ఆవిరి సోకేచోట కాసేపు వేలాడదీస్తే సరి. ఇస్త్రీ బండికి మాత్రం ఇవ్వొద్దు. టై అంచులు గుండ్రంగా ఉండాలి, ఇస్త్రీపెట్టె బరువుకు అవి అణిగిపోతే మళ్లీ లేవవు.

నంద్యాల ఆసుపత్రుల చుట్టూ మే నెల ఎండలో తిరిగే మెడికల్ రెప్‌ల టైకి ఇంకో కష్టం, చెమట. ఒకే టై రోజూ కట్టకుండా రెండు మూడు మార్చి మార్చి కట్టుకుంటే ప్రతిదానికీ ఆరే తీరిక దొరుకుతుంది.

విందులో నెయ్యి చుక్క పడితే నీళ్లతో రుద్దడం పెద్ద పొరపాటు. నెయ్యి పోదు సరికదా, పట్టు మీద నీటి మరక కూడా తోడవుతుంది. పొడి గుడ్డతో అద్ది, టాల్కం పౌడర్ చల్లి, రాత్రంతా ఉంచి దులపాలి. కలరా ఉండలు వేసేట్టయితే పట్టుకు తగలకుండా గుడ్డలో మూటకట్టి, అర మూలన పెట్టాలి.

చుట్టిన టైకి ఆ పాత పంచెలో, చీర పక్కన, గుప్పెడు చోటు చాలు. దసరా దాటి వానలు తగ్గాక చీరను గాలికి తీసే రోజున దాన్నీ తీసి, కాసేపు విప్పి ఉంచి, మళ్లీ చుట్టి పెడితే సరిపోతుంది.